ఇవాన్ పావ్లోవ్

ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్ (సెప్టెంబరు 26, 1849 - ఫిబ్రవరి 27, 1936) సుప్రసిద్ధ రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణ గ్రంథుల పనితీరుపై చేసిన పరిశోధనలకు గాను ఇతనికి 1904లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నోబెల్ బహుమతి పొందిన మొట్టమొదటి రష్యన్ ఇతడే. అయితే విద్యార్థులకు ఇతడు ఎక్కువగా తెలిసింది గంట చప్పుడుకు నోరూరే కుక్క ద్వారా. విద్యా మనోవిజ్ఞాన శాస్త్రంలో శాస్త్రీయ నిబంధనం అనే అభ్యసన సిద్ధాంతం ఇతని పేరు మీదనే ప్రసిద్ధమైంది.

పావ్లోవ్ తన జీవితంలో చివరి మూడున్నర దశాబ్దాలు కుక్కల ప్రవర్తనను పరిశీలించడంలోనే గడిపాడు. వాటిలో సాధు స్వభావం కలవే కాక, మీదపడి కరవబోయేవి, కట్టుకు లొంగనివి, ఉన్నట్టుండి తిరగబడినవి కూడా ఉన్నాయి. అటువంటి ప్రవర్తనను ఇతడు పొగరుగానో, దుర్గుణంగానో భావించలేదు. ఫలానా పరిస్థితులతో ముడిపడిన ప్రతీకార చర్యగా చూసి, ఆ పరిస్థితులేమిటో ఒక్కొక్కటిగా వెదికాడు. కరిచే కుక్కలకు శిక్షణ ఇచ్చే ఆధునిక పద్ధతుల పునాదులలో ఈ పరిశీలనలు ముఖ్యమైనవి.

బాల్యం, విద్యాభ్యాసం

పావ్లోవ్ రష్యాలోని ర్యాజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ప్యోత్ర్ ద్మీత్రియెవిచ్ చర్చి పురోహితుడు. తల్లి వర్వారా ఇవానోవ్నా. చిన్నతనంలో ఎత్తు నుండి రాతి నేలపై పడి తీవ్రంగా గాయపడడం వల్ల ఇతని చదువు ఆలస్యమై, పదకొండవ యేట గాని పాఠశాలలో చేరలేకపోయాడు. తండ్రి వృత్తిని అనుసరించడానికి మతవిద్యాలయంలో చేరినా, ఇవాన్ సేచెనోవ్ మెదడు ప్రతీకార చర్యలపై 1863లో వెలువరించిన రచన ఇతని మనసును విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళించింది. 1870లో మతవిద్య మాని సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

1875లో విశ్వవిద్యాలయ పట్టా, 1879లో వైద్య పట్టా పొందాడు. 1881లో సెరఫీమా కర్చేవ్‌స్కయాను వివాహమాడాడు. తొలి సంవత్సరాలలో కుటుంబం పేదరికంతో చాలా ఇబ్బందులు పడింది. 1883లో గుండెకు సంబంధించిన నాడులపై పరిశోధన వ్యాసం సమర్పించి, 1884 నుండి 1886 వరకు జర్మనీలో కార్ల్ లుడ్విగ్, రుడాల్ఫ్ హైడెన్‌హైన్‌ల వద్ద శిక్షణ పొందాడు. 1890లో సైనిక వైద్య అకాడమీలో ఆచార్యుడయ్యాడు. 1891 నుండి ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేశాడు. మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు.

జీర్ణ గ్రంథుల నుండి ప్రవర్తన వైపు

పావ్లోవ్‌కు ముందు జీర్ణక్రియను పరిశీలించేవారు ఎక్కువగా మత్తులో ఉన్న, లేదా మరణిస్తున్న జంతువులపై ఆధారపడేవారు. పావ్లోవ్ అందుకు భిన్నంగా, శస్త్రచికిత్స చేసి గాయం పూర్తిగా మానిన తరువాత, ఆరోగ్యంగా తిరిగే కుక్కలోనే జీర్ణరసాల స్రావాన్ని కొలిచే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఈ పరిశోధనల సారాంశం 1897లో పుస్తకంగా వెలువడింది.

కుక్కకు మేత పెట్టకముందే, మేత తెచ్చే మనిషిని చూడగానే లాలాజలం ఊరడం ఈ ప్రయోగాలకు ఒక ఆటంకంగా ఉండేది. పావ్లోవ్ క్రమంగా ఆ ఆటంకాన్నే పరిశోధనాంశంగా స్వీకరించాడు. 1903లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఈ కొత్త పరిశోధనను ప్రపంచానికి పరిచయం చేశాడు.

నిబంధిత ప్రతీకార చర్య

ఆహారం నోటిలో పడితే లాలాజలం ఊరడం పుట్టుకతో వచ్చిన చర్య. దీనిని నిర్నిబంధిత ప్రతీకార చర్య అంటారు. ఒక శబ్దం వినిపించిన వెంటనే ఆహారం పెట్టడం పలుమార్లు జరిగితే, కొంతకాలానికి ఆ శబ్దానికే లాలాజలం ఊరుతుంది. ఇది నిబంధిత ప్రతీకార చర్య. పాఠ్యపుస్తకాలలో గంట మాత్రమే కనిపించినా, పావ్లోవ్ ప్రయోగశాలలో మెట్రోనోమ్ అనే తాళ యంత్రం, విద్యుద్దీపం, చర్మంపై స్పర్శ వంటి అనేక ఉద్దీపనలను వాడారు.

ఈ ప్రయోగాల నుండి వెలువడిన సూత్రాలలో ముఖ్యమైనవి నాలుగు. శబ్దం తరువాత ఆహారం పెట్టకుండా ఉంటే ప్రతిస్పందన క్రమంగా తగ్గిపోతుంది. దీనిని విరమణ అంటారు. కొంత విరామం తరువాత అదే ప్రతిస్పందన మళ్ళీ తలెత్తడాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. ఒక శబ్దానికి అలవాటుపడిన కుక్క దానిని పోలిన శబ్దాలకు కూడా ప్రతిస్పందించడం సామాన్యీకరణం. పోలికలున్న రెండు ఉద్దీపనల మధ్య తేడా తెలుసుకుని ఒకదానికే ప్రతిస్పందించడం విచక్షణ. విరమణలో పాత అలవాటు చెరిగిపోదని, మెదడులోని నిరోధం దానిని ఆపి ఉంచుతుందని పావ్లోవ్ భావించాడు. కరిచే అలవాటున్న కుక్క విషయంలో ఈ భేదం చాలా ముఖ్యమైనది.

తిరగబడే కుక్కలపై పరిశీలనలు

కాపలా ప్రతీకార చర్య: పావ్లోవ్ తన సహచరి మరియా పెట్రోవాతో కలిసి జరిపిన ఒక పరిశీలన 1916లో ప్రచురితమైంది. ప్రయోగశాలలోని ఒక కుక్క, తనతో పనిచేసే పరిశోధకుని పట్ల ఎంతో విధేయంగా ఉండి, గదిలోకి వచ్చే ఇతరులపై, పావ్లోవ్‌పై సైతం, మొరుగుతూ మీదికి దూకబోయేది. వచ్చినవారు చేతులు కదిపినా, పరిశోధకుని సమీపించినా దాని ఉద్రేకం మరింత పెరిగేది. అదే కుక్క గది వెలుపల, కట్టు విప్పిన తరువాత, అదే మనుషుల పట్ల ప్రశాంతంగా ఉండేది.

పావ్లోవ్ ఈ పరిస్థితిని భాగాలుగా విడదీసి చూశాడు. ఇరుకైన మూసిన గది, కుక్క బల్లకు కట్టబడి ఉండడం, దానికి మేత పెట్టి లాలించే మనిషి ఒక్కడే అక్కడ ఉండడం, ఈ మూడూ కలిసినపుడే కాపలా ప్రవృత్తి పూర్తి బలంతో బయటపడుతున్నదని గుర్తించాడు. కుక్క కోపానికి వచ్చిన మనిషి ఒక్కడే కారణం కాదని, స్థలమూ, కట్టూ, యజమాని ఉనికీ కూడా కారణాలేనని దీనివల్ల తెలిసింది. ఆహార ప్రవృత్తి, కాపలా ప్రవృత్తి ఒకదానితో ఒకటి పోటీపడతాయని, ఆ క్షణంలో బలమైనది రెండవదానిని అణచివేస్తుందని కూడా ఈ పరిశీలనలో తేలింది.

కట్టుకు లొంగని కుక్క: ఇదే కాలంలో మరొక కుక్క ప్రయోగపు బల్లపై కట్టగానే పెనుగులాడుతూ, ఆపకుండా లాలాజలం కార్చేది. దానిపై ఏ ప్రయోగమూ సాగలేదు. పావ్లోవ్ దీనిని స్వేచ్ఛా ప్రతీకార చర్య అని పేర్కొన్నాడు. దండించి లొంగదీయడానికి మారుగా, ఆ కుక్కకు దినమంతటి ఆహారాన్నీ ఆ బల్లపైనే పెట్టసాగారు. మొదట సరిగా తినక చిక్కిపోయినా, కొన్ని నెలలలో అది బల్లపై ప్రశాంతంగా నిలబడడం నేర్చుకుంది.

నొప్పి ఆహార సూచనగా మారడం: ఎరొఫేయెవా అనే పరిశోధకురాలు చర్మానికి విద్యుత్ ఘాతం తగిలించి, వెంటనే ఆహారం పెట్టే ప్రయోగం చేసింది. బలహీనమైన ఘాతంతో ప్రారంభించి క్రమంగా పెంచగా, కుక్క పెనుగులాట మాని లాలాజలంతో ప్రతిస్పందించింది. రక్షణ చర్య స్థానంలో ఆహార చర్యను నిలపవచ్చునని ఇది చూపింది. అయితే ఘాతాన్ని శరీరంలోని అనేక ఇతర స్థలాలకు మార్చుతూ పోయినపుడు ఆ ఫలితం కూలిపోయి, రక్షణ చర్య తీవ్రంగా తిరిగి వచ్చింది. ఓర్పుకు ఒక హద్దు ఉందన్నది ఈ ప్రయోగంలోని రెండవ పాఠం.

సాధు కుక్క క్రూరంగా మారడం: షెంగర్-క్రెస్టొవ్నికొవా జరిపిన ప్రయోగం ఈ వరుసలో మిక్కిలి ప్రసిద్ధమైనది. కుక్కకు వృత్తాన్ని చూపినపుడు ఆహారం పెట్టి, దీర్ఘవృత్తాన్ని చూపినపుడు పెట్టలేదు. కుక్క ఆ తేడాను చక్కగా నేర్చుకుంది. ఆ తరువాత దీర్ఘవృత్తాన్ని క్రమంగా వృత్తానికి దగ్గరగా మార్చుతూ పోయారు. దాని అక్షాల నిష్పత్తి 9:8కి చేరినపుడు కుక్కకు తేడా తెలియలేదు. మూడు వారాలు ప్రయత్నించినా మెరుగుపడకపోగా, అంతవరకు నెమ్మదిగా ఉన్న ఆ కుక్క అరుస్తూ, పెనుగులాడుతూ, పరికరాలను పళ్ళతో పీకివేసింది. ముందు తేలికగా చేసిన విచక్షణలను కూడా మరచిపోయింది. ఎవరూ కొట్టకున్నా, కేవలం అర్థంకాని సూచనల వల్ల సాధు జంతువు తిరగబడగలదని దీనివల్ల స్పష్టమైంది. పావ్లోవ్ ఈ స్థితికి ప్రయోగాత్మక న్యూరోసిస్ అని పేరు పెట్టాడు.

1924 వరద: 1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్‌లో నేవా నది పొంగి ప్రయోగశాల కుక్కల గదులలోకి నీరు చేరింది. కుక్కలను అతికష్టం మీద ఈదించి బయటికి తెచ్చారు. ప్రాణాలతో బయటపడిన వాటిలో కొన్ని, అంతకుముందు నేర్చిన వాటిని కోల్పోయాయి. ఒక కుక్కలో ప్రతిస్పందనలు తిరిగి కుదుటపడిన తరువాత కూడా, గది తలుపు కింద నుండి కొద్దిగా నీరు పారించగానే అలజడి మళ్ళీ మొదలైంది. ఒక్క భయానక సంఘటన శిక్షణ ఫలితాన్ని ఎంతగా చెరపగలదో పావ్లోవ్ దీని నుండి గ్రహించాడు.

స్వభావ భేదాలు, పెంపకం

ఒకే శిక్షణ అన్ని కుక్కలకూ ఒకే ఫలితాన్ని ఇవ్వకపోవడం గమనించి, పావ్లోవ్ వాటి నాడీమండల స్వభావాన్ని నాలుగు రకాలుగా విభజించాడు. ఉత్తేజం, నిరోధం అనే రెండు ప్రక్రియల బలం, వాటి సమతూకం, ఒకదాని నుండి మరొకదానికి మారే వేగం ఈ విభజనకు ఆధారాలు. ఉత్తేజం బలంగా ఉండి, దానికి తగినంత నిరోధం లేనివి అదుపులేని రకం. ఇవి చేయవలసిన పనిని త్వరగా నేర్చుకుంటాయి గాని, ఆగడం నేర్చుకోవడానికి చాలాకాలం పడుతుంది. అటువంటి కుక్కలకు ఆగే అభ్యాసాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యలో విశ్రాంతి ఇస్తూ సాగితే నిరోధం బలపడుతుందని ఈ ప్రయోగశాల అనుభవం.

లెనిన్‌గ్రాడ్ సమీపంలోని కొల్తుషి గ్రామంలో పావ్లోవ్ కోసం ప్రభుత్వం ఒక పరిశోధనా కేంద్రాన్ని నిర్మించింది. ఇతని శిష్యులు విర్జికోవ్‌స్కీ, మాయొరొవ్ కుక్కపిల్లలను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును స్వేచ్ఛగా, రెండవ గుంపును ఒంటరిగా బోనులలో పెంచారు. 1933లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, బోనులలో పెరిగినవి పెద్దయిన తరువాత కూడా కొత్త వస్తువులకు, కొత్త మనుషులకు విపరీతంగా భయపడేవి. పిరికితనం పూర్తిగా పుట్టుకతో వచ్చేది కాదని, పెంపకం వల్ల కూడా ఏర్పడుతుందని దీంతో తేలింది. కుక్కకాట్లలో చాలావాటికి భయమే మూలం కనుక, ఈ ఫలితానికి శిక్షణలో ఎంతో ప్రాధాన్యం ఉంది.

కుక్కల శిక్షణపై ప్రభావం

పావ్లోవ్ స్వయంగా కుక్కల శిక్షకుడు కాడు. ఇంటి కుక్కలను మచ్చిక చేయడం గురించి పుస్తకమేదీ రాయలేదు. అయినా ఇతని సూత్రాలు ఇతర శాస్త్రవేత్తల ద్వారా ఆచరణలోకి వచ్చాయి. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ 1924లో కుందేలుకు భయపడే ఒక బాలునికి, ఇష్టమైన ఆహారం ఇస్తూ కుందేలును క్రమంగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. 1958లో జోసెఫ్ వోల్పే ఇటువంటి పద్ధతిని మానవుల భయాలకు చికిత్సగా క్రమబద్ధం చేశాడు. పశువైద్యులు, శిక్షకులు కరిచే కుక్కల విషయంలో ఇదే మార్గాన్ని అనుసరిస్తున్నారు. కూర్చోవడం, రమ్మంటే రావడం వంటి పనులు నేర్పడంలో మాత్రం బి.ఎఫ్. స్కిన్నర్ ప్రతిపాదించిన కార్యసాధక నిబంధనం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో దీనికి పోటీగా మరొక అభిప్రాయం ప్రచారంలోకి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళ మధ్య ఆధిపత్య పోరాటాలను వర్ణించాడు. దాని ఆధారంగా, తిరగబడే కుక్క యజమానిపై పెత్తనం కోరుతున్నదని, దానిని వెల్లకిలా పడవేసి అదిమిపెట్టి లొంగదీయాలని పలువురు శిక్షకులు బోధించారు. 1970లో తన పుస్తకంలో ఈ భావనకు చోటిచ్చిన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్, 1999లో అడవిలోని తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు గల కుటుంబమేనని వివరించాడు. 2008లో అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం, ఆధిపత్య సిద్ధాంతం పేరిట బలప్రయోగం చేయడాన్ని వ్యతిరేకిస్తూ ప్రకటన వెలువరించింది. ఆ విధంగా శిక్షణ రంగం పావ్లోవ్ వేసిన పాత ప్రశ్నకు తిరిగి వచ్చింది: ఈ కుక్క ఏ పరిస్థితిలో, దేనిని చూసి తిరగబడుతున్నది?

ఉదాహరణ

తెలుగు పాఠకులకు పరిచితమైన దృశ్యంతో దీనిని అర్థం చేసుకోవచ్చు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో కోతలు ముగిసిన చేలలో ఎరువు కోసం గొర్రెల మందలను కట్టించడం ఉంది. రాత్రివేళ మంద చుట్టూ తిరిగే కుక్క కొత్తవారిని దగ్గరికి రానీయదు. అదే కుక్క పగలు కాపరి వెంట ఊరి వీధిలో నడిచేటపుడు ఎవరినీ పట్టించుకోకుండా పోవచ్చు. పట్టణాలలో వాకిట గొలుసుతో కట్టిన ఇంటి కుక్కలోనూ ఇటువంటి తేడాయే కనిపిస్తుంది. పెట్రోవాతో కలిసి పావ్లోవ్ వివరించిన స్థలం, కట్టు, యజమాని అనే మూడు కారణాలూ ఇక్కడ ఉన్నాయి.

ఇటువంటి ఇంటి కుక్కను మార్చదలచినపుడు పావ్లోవ్ సూత్రాలు ఈ క్రింది విధంగా వర్తిస్తాయి.

- కొత్త మనిషి ముందు కనిపించాలి, ఆ వెంటనే కుక్కకు ఇష్టమైన ఆహారం అందాలి. ఈ వరుస తారుమారైతే మనిషి రాక ఆహారానికి సూచన కాజాలదు.
- మనిషిని చూసినా కుక్క మొరగనంత దూరంలో అభ్యాసం మొదలుపెట్టి, కొద్దికొద్దిగా దగ్గరికి రావాలి. ఉద్రేకం పెరిగితే ఆహారం కూడా పనిచేయదు.
- ఒకే మనిషితో, ఒకే చోట నేర్పితే సరిపోదు. వేర్వేరు మనుషులతో, వేర్వేరు చోట్ల మళ్ళీ నేర్పాలి.
- ఇంటిలోని వారందరూ ఒకే మాట, ఒకే నియమం పాటించాలి. ఒకరు ముద్దుచేసిన పనికి మరొకరు కొడితే, వృత్తానికీ దీర్ఘవృత్తానికీ తేడా తెలియని కుక్క స్థితి ఏర్పడుతుంది.
- గుర్రుమన్నందుకు కొట్టరాదు. హెచ్చరిక అణగిపోయి, భయం మాత్రం మిగిలిన కుక్క చెప్పకుండా కరవవచ్చు.
- కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొరిగితే శిక్షణ వృథా అయిందని భావించరాదు. అది అయత్నసిద్ధ స్వాస్థ్యం. అభ్యాసాన్ని ముందరి మెట్టు నుండి తిరిగి సాగించాలి.

పాత అలవాటు చెరిగిపోదు కనుక, ఒకసారి కరిచిన కుక్కను పూర్తిగా నమ్మి పిల్లల మధ్య వదలడం ప్రమాదకరం. అభ్యాసకాలంలో మూతికి చిక్కం, బలమైన పట్టెడ అవసరం. ఉన్నట్టుండి స్వభావం మారిన కుక్కలో నొప్పి గాని, రోగం గాని ఉండవచ్చు. ముందుగా పశువైద్యునికి చూపాలి.

విమర్శలు

పావ్లోవ్ పద్ధతులు అతని కాలంలోనే జంతుప్రేమికుల విమర్శకు గురయ్యాయి. పరిశోధనకు ప్రాణాలతో ఉన్న కుక్కలకు శస్త్రచికిత్స చేయడం, న్యూరోసిస్ కలిగించడానికి వాటిని బాధించడం నేటి నైతిక ప్రమాణాలకు సరిపడవు. శస్త్రచికిత్సలో మత్తుమందు, పరిశుభ్రత పాటించినా, అనేక కుక్కలు ఈ ప్రయోగాలలో మరణించాయి. అలాగే జంతువు ప్రవర్తన అంతటినీ ప్రతీకార చర్యలతోనే వివరించబోవడం ఏకపక్షమన్న విమర్శ కూడా ఉంది. 1935లో ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆవరణలో, పావ్లోవ్ కోరికపై, ప్రయోగాలకు బలియైన కుక్కల స్మారకంగా ఒక శిల్పాన్ని ప్రతిష్ఠించారు.

వ్యక్తిత్వం, చివరి సంవత్సరాలు

పావ్లోవ్ సమయపాలనలో కఠినుడు, ముక్కోపి. చిన్న పొరపాటుకు కూడా సహాయకులపై విరుచుకుపడి, కొద్దిసేపటికే మరచి పనిలో మునిగేవాడు. 1917 విప్లవం తరువాతి కరువులో మనుషులతో పాటు ప్రయోగశాల కుక్కలు కూడా ఆకలితో అల్లాడాయి. ఇతడు దేశం విడిచిపోయే ఆలోచనలో ఉండగా, 1921 జనవరిలో లెనిన్ సంతకంతో వెలువడిన ఉత్తర్వు ఇతని పరిశోధనలకు ప్రత్యేక సదుపాయాలు కల్పించింది. అయినా పావ్లోవ్ ప్రభుత్వ చర్యలను బహిరంగంగా విమర్శించడం మానలేదు. అరెస్టయిన పలువురి తరఫున అధికారులకు లేఖలు రాశాడు.

నిబంధిత ప్రతీకార చర్యలపై ఇతని ఉపన్యాసాల సంపుటం 1927లో వెలువడి, అదే సంవత్సరం ఆంగ్లంలోకి అనువాదమైంది. 1935లో లెనిన్‌గ్రాడ్, మాస్కోలలో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో తన 86వ యేట లెనిన్‌గ్రాడ్‌లో మరణించాడు. కొల్తుషిలో ఇతడు స్థాపించిన కేంద్రం ఉన్న గ్రామానికి తరువాత పావ్లోవో అనే పేరు వచ్చింది.